పైసా తేడా, పదహారు బైట్లు: గూగుల్‌టెస్ట్ మీద నా రివ్యూ

మా కోడ్ పని కరెంటు బిల్లు లెక్క కట్టడం. దానికి టెస్టులు రాసేది గూగుల్‌టెస్ట్ అనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీతో. సీ ప్లస్ ప్లస్‌లో బిల్లు ఒక చిన్న స్ట్రక్ట్: పైసల్లో మొత్తం, ఏ శ్లాబో చెప్పే నంబరు. ఒకరోజు టెస్ట్ ఫెయిలై స్క్రీన్ మీద ‘16-బైట్ ఆబ్జెక్ట్ <10-20 00-00 00-00…>’ అని వచ్చింది. దాని కింద ఇంకోటి, 11-20తో మొదలై. మిగతాదంతా ఒకటే. అవి హెక్స్ (పదహారు ఆధారంగా రాసే) అంకెలు; బైట్లు తిరగేసి లెక్కేస్తే 8208, 8209. అంటే 82 రూపాయల 8 పైసలా, 9 పైసలా అన్నదే గొడవ. రౌండింగ్‌లో తప్పు. పైసా తేడా పట్టుకోవడానికి కాలిక్యులేటర్ తీయాల్సి వచ్చింది!

ఇందులో లైబ్రరీని అనడానికేం లేదు. మన టైపుని ఎలా చూపించాలో మనం చెప్పకపోతే దానికి కనిపించేవి బైట్లే. ప్రింట్‌టు అనే ఫంక్షన్ నాలుగు లైన్లు రాస్తే సరిపోతుంది. రాశాను. అయినా మళ్లీ బైట్లే! ఓ పూటంతా తల పట్టుకున్నాక తెలిసింది: బిల్లు టైపు మా నేమ్‌స్పేస్‌లో (పేర్లు కలిసిపోకుండా కోడ్‌ని విడిగా ఉంచే గది) ఉంటే, ఫంక్షన్‌ని నేను బయట పడేశాను. రెండూ ఒకేచోట ఉండాలి. లేకపోతే కంపైలర్ కిక్కురుమనదు, మన ఫంక్షన్ని ఎవరూ పిలవరు.

నాకు బాగా నచ్చింది ఎక్స్‌పెక్ట్_ప్రెడ్_ఫార్మాట్2 అనే చెక్. మనం రాసిన ఫంక్షన్‌కి రెండు విలువలతోపాటు, టెస్ట్‌లో వాటిని ఏమని రాశామో ఆ మాటలు కూడా అందిస్తుంది. దానికి పొట్టి పేరుతో మా సొంత మాక్రో (రాసినచోటే కోడ్‌గా పరుచుకునే పేరు) తొడిగాను. ఇప్పుడు ‘మార్చి_బిల్లు: రావాల్సింది 82.09, వచ్చింది 82.08, శ్లాబు 3’ అని సూటిగా చెబుతుంది. మాక్రో కాబట్టి లైన్ నంబరు కూడా ఫెయిలైన టెస్ట్‌దే చూపిస్తుంది. అదే చెక్‌ని మామూలు హెల్పర్ ఫంక్షన్‌లో పెడితే ప్రతి ఫెయిల్యూర్‌కీ హెల్పర్ లోపలి లైనే వస్తుంది. అప్పుడు పిలిచేచోట, ఫెయిల్యూర్‌తోపాటు మనం రాసిన గుర్తునీ చూపించే స్కోప్డ్_ట్రేస్ పెట్టుకోవాలి. పన్నెండు నెలలకి లూప్ తిప్పే టెస్ట్‌లో అది లేకపోతే ఏ నెల బిల్లు పోయిందో ఆ దేవుడికే తెలియాలి.

చిన్నాచితకా వివరాలకి చెక్ చివర రెండు బాణాల గుర్తు పెట్టి మెసేజ్ రాస్తే చాలు. చెక్ ఫెయిలైతేనే ఆ మెసేజ్ తయారవుతుంది, కాబట్టి బరువేమో అన్న టెన్షన్ అక్కర్లేదు.

చిరాకు పెట్టేవి అసర్ట్ మాక్రోలు, అంటే ఫెయిలైతే ఆ ఫంక్షన్‌ని అక్కడే ఆపే చెక్‌లు. విలువ తిరిగిచ్చే ఫంక్షన్‌లో పెడితే కంపైల్ కాదు. హెల్పర్‌లో పెడితే ఆ హెల్పర్ వరకే ఆగుతుంది, పైన టెస్ట్ మాత్రం ఏమీ ఎరగనట్టు ముందుకెళ్తుంది. క్యాచ్2 అనే ఇంకో టెస్ట్ లైబ్రరీలో రిక్వైర్ అనే చెక్ దగ్గర ఈ బాధ లేదు, ఎక్సెప్షన్ విసిరి టెస్ట్‌నే ఆపేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండూ చూడండి. నేనైతే ఫార్మాట్2 కోసం ఇక్కడే ఉంటాను.

పాత కంపైలర్‌తో నెట్టుకొచ్చేవాళ్లకో మాట: గూగుల్‌టెస్ట్ 1.17కి సీ ప్లస్ ప్లస్ 17 కావాలి. సీ ప్లస్ ప్లస్ 11 దగ్గరే ఆగినవాళ్లకి 1.12.1తో సరి. మా ఆఫీసులో ఇప్పటికీ అదే.