జాగ్రత్త: పిగ్మెంట్ కోడ్ లేని ఆయిల్ రంగుల ట్యూబులు కొనకండి

ఫొటో చూసి ఆయిల్ పెయింటింగ్ వేసే అలవాటున్న వారందరికీ ఈ మాట. ఆన్‌లైన్‌లో 24 ట్యూబుల సెట్టు, దానితో పాటు నాలుగు కాన్వాసులు తక్కువ ధరకు వస్తున్నాయని కొన్నాను. డబ్బా మీద ‘ఆర్టిస్ట్ క్వాలిటీ’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ రంగులతో నాలుగు నెలలు కూర్చుని వేసిన మా అమ్మ బొమ్మ ఏడాది తిరగకుండానే వెలిసిపోయింది.

1994లో మా చిన్నాన్న పెళ్లిలో తీసిన ఫొటో అది. అమ్మ రాణి రంగు గద్వాల చీర కట్టుకుని, పందిరి గుంజ పక్కన నిలబడి ఎవరినో చూసి నవ్వుతోంది. పాత ప్రింటు కావడంతో చీర నారింజ వైపు తిరిగిపోయింది. అందుకని బీరువాలోంచి ఆ చీరే తీసి, పగటి వెలుగులో కిటికీ పక్కన పెట్టుకుని రంగు కలిపాను. గళ్లు గీసి బొమ్మ పెంచుకోవడం, బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుతో పల్చగా నీడలు వేసుకోవడం త్వరగానే అయిపోయాయి. చీర మడతలకే ఎన్నో రాత్రులు పట్టాయి. చివరికి పక్కన పెట్టి చూస్తే చీరకీ బొమ్మకీ తేడా తెలియలేదు.

దసరాకు హాల్లో పెట్టాం. నేరుగా ఎండ పడే గోడ కాదు. వేసవి వచ్చేసరికి చీర బాగా ఉతికిన నూలు గుడ్డలా తేలిపోయింది. తెల్లరంగు ఎక్కువ కలిపిన మడతలు ముందు వెలిశాయి. ముఖం మాత్రం చెక్కుచెదరలేదు. ముఖానికి వాడిన ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా మట్టి రంగులు, వాటికి వెలుగు భయం లేదు. అనుమానం వచ్చి ఫ్రేము విప్పాను. చెక్క కప్పి ఉంచిన అంచున పావు అంగుళం మేర చీర ఇంకా నేను కలిపిన రాణి రంగులోనే ఉంది. ఆ సన్నని గీత చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అప్పుడు ట్యూబు తిప్పి చూశాను. ‘రోజ్’ అన్న పేరు తప్ప ఇంకేమీ లేదు. పేరుతో పని లేదు, లోపల ఏ పిగ్మెంటు, అంటే రంగునిచ్చే పొడి, ఉందన్నదే ముఖ్యం. మంచి కంపెనీలు దాన్ని కోడ్‌గా అచ్చు వేస్తాయి: అల్ట్రామెరీన్ అయితే పి.బి.29, టైటానియం వైట్ అయితే పి.డబ్ల్యు.6. గులాబీ, రాణి రంగుల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. పి.వి.19, పి.ఆర్.122 అనే క్వినాక్రిడోన్ రంగులు నిలుస్తాయి. రోడమిన్ రకాలైన పి.వి.1, పి.ఆర్.81 చూడటానికి కళ్లు చెదిరేలా ఉంటాయి కానీ వెలుగుకు ఆగవు. పేరున్న పాత రంగు అలిజరిన్ క్రిమ్సన్, అంటే పి.ఆర్.83 కూడా నమ్మదగింది కాదు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో వేసిన తన పడకగది చిత్రంలో గోడలు మొదట ఊదా రంగువి, అందులోని ఎరుపు వెలిసిపోయి ఇప్పుడు నీలంగా కనిపిస్తున్నాయి.

అమ్మినవారికి రాస్తే, ఎండలో పెట్టి ఉంటారని, వాపసు గడువు పది రోజులేనని జవాబిచ్చారు. ఆయిల్ రంగు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. మందంగా వేస్తే పైపొర ఆరడానికే వారాలు పడుతుంది. పది రోజుల్లో కొన్నవారికి ఏం తెలుస్తుంది? ఇది నాకు చాలా అన్యాయంగా తోచింది.

అందుకే సరుకు చేతికి వచ్చిన రోజే చూడండి. కోడ్ లేకపోతే వెంటనే వాపసు చేయండి. మూత తీయగానే రంగుకు ముందు నూనె ధారగా కారితే, పిగ్మెంటు తక్కువ వేశారేమోనని అనుమానించండి. కాన్వాసును దీపానికి అడ్డంగా పట్టుకుంటే సూది మొనల్లా వెలుగు చుక్కలు కనిపించాయంటే ప్రైమర్, అంటే గుడ్డ నూనె పీల్చకుండా ముందే వేసే పూత, సరిగ్గా పట్టలేదు. నా కాన్వాసు వెనక చీర ఉన్నంత మేరా పసుపుపచ్చని నూనె మరక దిగింది. నూనె గుడ్డలోకి దిగితే దారం పెళుసెక్కుతుంది. వాపసుకు వీలు లేకపోతే బొమ్మ మొదలుపెట్టకముందే అక్రిలిక్ జెస్సో అనే ప్రైమర్ రెండు పూతలు వేసుకోండి.

ఇప్పటికే ఇలాంటి సెట్టు కొన్నవారు ఇంట్లోవాళ్ల బొమ్మలకు దాన్ని వాడకండి. ప్రతి రంగునూ కాస్త తెల్లరంగు కలిపి అట్టముక్క మీద పట్టీలా పూసి, ఆరాక సగానికి వంటింటి అల్యూమినియం రేకు చుట్టి, ఎండ పడే కిటికీలో మూడు నాలుగు నెలలు ఉంచండి. రేకు విప్పితే ఏది నిలుస్తుందో, ఏది పోతుందో కళ్లకే తెలుస్తుంది. నా కిటికీలో ఉగాది నుంచి అలాంటి అట్ట ఉంది. పి.వి.19 పట్టీ ఇంతవరకూ మారలేదు. అమ్మ చీర మళ్లీ బీరువాలోంచి తీశాను.