మోకాలితోపాటు భయాన్నీ పట్టించుకున్న చికిత్స

మోకాలి చిప్ప చుట్టూ నొప్పితో 8 నెలలు పరుగుకు దూరమైన నేను, క్రీడాకారులకు చికిత్స చేసే ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో 12 వారాల చికిత్సను ఈమధ్యే పూర్తి చేశాను. అంతకుముందు చూపించుకున్న చోట తొడ కండరాల బలానికి మంచి వ్యాయామాలే చెప్పారు. అయితే, ‘చిప్ప అరిగిపోతోంది, జాగ్రత్త’ అని వారన్న ఒక్క మాట మనసులో నాటుకుపోయి, మెట్లు దిగాలన్నా గోడ పట్టుకునే స్థితికి వచ్చాను.

ఇక్కడ మొదటి రోజే మోకాలిని పరీక్షించి, ఆపైన టాంపా స్కేల్ అనే ప్రశ్నావళిని నింపమన్నారు. కదిలితే దెబ్బ ముదురుతుందన్న భయాన్ని అందులోని 17 అంశాలతో కొలుస్తారు. స్కోరు 17 నుంచి 68 వరకు ఉంటుంది. నాకు 46 వచ్చింది. భయంతో కదలిక తగ్గించుకుంటే కండరాలు నీరసిస్తాయని, అప్పుడు కొద్దిపాటి శ్రమకే నొప్పి లేచి ఆ భయాన్ని ఇంకా పెంచుతుందని, నొప్పి ఎంత ఉంటే గాయం అంత ఉన్నట్టు కాదని ఫిజియోథెరపిస్టు ఎంతో ఓపికగా వివరించారు.

తరువాత నేను జంకే పనులన్నింటినీ తేలికైన వాటి నుంచి కష్టమైన వాటి వరకు నా చేతనే వరుసగా రాయించారు. ఒకరోజు అడుగు ఎత్తు కూడా లేని చెక్కపెట్టె మీద ఒంటికాలిపై నిలబెట్టి, దిగితే పదికి ఎంత నొప్పి వస్తుందనుకుంటున్నారని అడిగారు. ఏడు అన్నాను. మెల్లగా దిగాక మళ్ళీ అడిగితే, నా నోట వచ్చిన అంకె మూడు. ఆ రెండు అంకెలనూ పక్కపక్కనే నోటుపుస్తకంలో రాసుకోమన్నారు. ఎన్ని మాటలు చెప్పినా కలగని ధైర్యం ఆ పేజీ చూసుకున్నప్పుడల్లా కలిగేది.

లోపాలు లేకపోలేదు. టాంపా స్కేల్‌ను మధ్యలో ఒకసారైనా మళ్ళీ నింపించాల్సింది. చివరి వారంలోనే నింపించారు, అప్పటికి స్కోరు 31కి దిగింది. నిద్రలేమి, దిగులు కూడా నొప్పిని పెంచుతాయని చెప్పారు గాని, వాటికోసం సంప్రదించడానికి మనస్తత్వ నిపుణులెవరూ అక్కడ లేరు. రోజూ ‘నొప్పి తగ్గిందా?’ అని అడిగే కోచ్‌లను కూడా ఒకసారి పిలిచి మాట్లాడితే బాగుండేది, ఎందుకంటే ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ ధ్యాసంతా మోకాలి మీదికే పోతుంది.

మోకాలు వాచినా, పట్టేసినా, నడుస్తుండగా జారిపోతున్నట్టున్నా ముందు వైద్యుణ్ణి కలవడం తప్పనిసరి. అలాంటివేవీ లేకుండా, నొప్పికి జంకి ఆట మానుకున్నవారికి ఈ చికిత్సను మనస్ఫూర్తిగా సూచిస్తాను. ప్రస్తుతం వారానికి మూడుసార్లు 5 కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. మూడో కిలోమీటరు దగ్గర చిప్ప కింద కాస్త సలుపుతుంది, పదికి రెండు అనుకుని అదే వేగంతో సాగిపోతాను.