కాకర్ స్పానియల్ కొంటున్నారా? ఇంగ్లిష్‌దా, అమెరికన్‌దా?

విశాఖలో కాకర్ కుక్కపిల్లను కొనేవాళ్లు ముందు ధరే అడుగుతారు. ఏ కాకర్ అన్నది అంతకంటే ముందు తేలాలి, ఎందుకంటే తిరకాసంతా పేరులోనే ఉంది. కుక్కల జాతులు నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో ఉత్త ‘కాకర్ స్పానియల్’ అంటే ఇంగ్లిష్‌ది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ దగ్గర అదే పేరు అమెరికన్ కుక్కది. అక్కడ ఇంగ్లిష్ కాకర్‌ని 1946లో వేరే జాతిగా విడదీశారు. కెన్నెల్ క్లబ్‌ల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ రెండింటికీ దేశం పేరు తగిలించి గొడవ వదిలించుకుంది. తల్లిదండ్రులు విదేశాల నుంచి వచ్చినవైతే, వాటి జాతి నమోదు కాగితం ఏ క్లబ్ ఇచ్చిందో చూడండి.

ఎత్తు: ఇంగ్లిష్ మగది 39–41 సెం.మీ., అమెరికన్ మగది 38 దగ్గర. పెద్ద తేడా కాదు.

ముఖం: ఇంగ్లిష్‌ది పొడుగు మూతి, అమెరికన్‌ది పొట్టి మూతి, గుండ్రటి తల.

బొచ్చు: అసలు ఖర్చు ఇక్కడే. అమెరికన్‌ది పొట్ట కింద, కాళ్ల మీద దట్టంగా వేలాడుతుంది. రోజూ దువ్వాలి, తరచూ కత్తిరించాలి. మన ఉక్కపోతలో బద్ధకిస్తే చర్మం పాడవుతుంది. ఇంగ్లిష్‌దానికి ఈ చాకిరీ కాస్త తక్కువ.

చెవులు: రెండింటికీ టెన్షనే. సముద్రంలో ఆడించి తెస్తే తప్పనిసరిగా ఆరబెట్టాలి.

పొద్దున్నే బీచ్ రోడ్డులో బాగా నడిచే ఇంటికి ఇంగ్లిష్‌ది. ఫ్లాట్‌లో ఉంటూ, గ్రూమింగ్‌కి ఓపికా డబ్బూ ఉంటే అమెరికన్‌ది. డాగ్ షోల ఆలోచన ఉంటే ఏదైనా సరే, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితంలో జాతి పూర్తి పేరు చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.