నీటిరంగుల పెట్టె, కుట్టు స్కెచ్‌బుక్: తన్మయత్వం ఒకదానిలో, ఆత్మపరిశీలన మరొకదానిలో

అరచేతిలో ఇమిడే నీటిరంగుల పెట్టె, కుట్టు బైండింగుతో ఒక చిన్న స్కెచ్‌బుక్, పిడిలోనే నీళ్లు నింపుకొనే వాటర్ బ్రష్, వీటికి తోడు అభ్యాసం కోసం ఒక పలుచని పుస్తకం: ఈ నాలుగింటినీ కలిపి ఒకే కిట్‌గా అమ్మే సంస్థలు ఇప్పుడు చాలా ఉన్నాయి. బొమ్మలు వేయడం నేర్పుతామని చెప్పి ఊరుకోకుండా, పనిలో లీనమయ్యే సుఖాన్నీ, మనల్ని మనం తెలుసుకునే అవకాశాన్నీ కూడా ఇస్తామని ఆ కిట్ల మీద రాస్తున్నారు. అలాంటి కిట్‌ను చాలాకాలంగా వాడుతున్నాను కనుక, ఒక సంస్థ సరుకును ఇంకో సంస్థ సరుకుతో పోల్చడం కన్నా, ఆ రెండు వాగ్దానాలూ ఎంతవరకు నిజమో పరిశీలించడమే పాఠకులకు ఎక్కువ ఉపయోగమని అనుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదటి వాగ్దానాన్ని రంగులు నెరవేరుస్తాయి, రెండోదాన్ని స్కెచ్‌బుక్ నెరవేరుస్తుంది, అయితే ఆ రెండూ ఒకే సమయంలో జరగవు. ఈ సంగతి తెలియకుండా కిట్ కొన్నవారు, కుంచె పట్టుకున్న క్షణంలోనే తమ గురించి ఏదో కొత్త విషయం తెలిసిపోవాలని ఎదురుచూసి, అది తెలియకపోయేసరికి పెట్టెను అటకెక్కించే ప్రమాదం ఉంది.

ముందు పెట్టె సంగతి. ఇందులో 12 హాఫ్ పాన్‌లు, అంటే తడి కుంచెతో తాకితే కరిగే చిన్న రంగు బిళ్లలు ఉంటాయి. తుమ్మ జాతి చెట్ల నుంచి వచ్చే గమ్ అరబిక్ అనే బంకలో రంగు పొడిని కలిపి వీటిని తయారుచేస్తారు కాబట్టి, పూర్తిగా ఎండిపోయిన బిళ్ల కూడా నీళ్లు తగలగానే మళ్లీ పనికి వస్తుంది. కొనేముందు రంగులు ఎన్ని ఉన్నాయన్న లెక్క కన్నా, ప్రతి బిళ్ల మీద పిగ్మెంట్ కోడ్, అంటే అందులో వాడిన రంగు పొడి ఏదో చెప్పే గుర్తు, ముద్రించారా లేదా అన్నది చూడాలి. అల్ట్రామెరైన్‌కు పీబీ 29 అని, బర్న్‌ట్ సియెన్నాకు సాధారణంగా పీబీఆర్ 7 అని ఉంటుంది. ఒకే పిగ్మెంట్‌తో చేసిన రంగు ఇంకోదానితో కలిసినప్పుడు తేటగా నిలుస్తుంది. అప్పటికే మూడు నాలుగు పిగ్మెంట్లు కలిసి ఉన్న రంగును మరొకదానితో కలిపితే మురికిగా మారే అవకాశం ఎక్కువ. తెల్ల రంగు బిళ్ల మాత్రం నా దృష్టిలో వృథా. నీటిరంగుల్లో తెలుపు కాగితానిదే, దాన్ని ఎక్కడ వదిలిపెట్టాలో రంగు వేయకముందే నిర్ణయించుకోవాలి.

పనిలో ఒళ్లు మరిచిపోయే స్థితిని ఫ్లో అనే పేరుతో పరిశీలించిన మనస్తత్వవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయి, 1960లలో చిత్రకారులను గమనించడంతోనే ఆ దారి పట్టారు. ఆకలినీ అలసటనూ పట్టించుకోకుండా గంటల తరబడి బొమ్మ మీద వంగి ఉన్నవారు, అది పూర్తయిన వెంటనే దాని మీద ఆసక్తి కోల్పోయి మరో కాన్వాసు అందుకోవడం ఆయనను ఆశ్చర్యపరిచింది. 1975లో ప్రచురించిన తొలి గ్రంథంలోనూ ఆ తర్వాతి రచనల్లోనూ ఆయన ఈ స్థితికి దారితీసే పరిస్థితులను వివరించారు: తర్వాత ఏం చేయాలో స్పష్టంగా తెలియాలి, చేసినదాని ఫలితం వెంటనే కనిపించాలి, పనిలోని కష్టం మన నేర్పుకు సరితూగాలి. వీటిలో రెండోదాన్ని నీటిరంగులు తీర్చినంత బాగా నాకు తెలిసిన ఇంకే మాధ్యమమూ తీర్చలేదు.

విశాలమైన ఆకాశానికి ఒకే రంగు పూత, అంటే వాష్, వేయడాన్నే తీసుకోండి. పుస్తకాన్ని కొద్దిగా వాలుగా పెట్టి, నిండుగా తడిసిన కుంచెతో పై అంచున అడ్డంగా ఒక గీత లాగితే, దాని కింది అంచున రంగునీరు సన్నని పూసలా నిలుస్తుంది. తర్వాతి గీత ఆ పూసను తాకుతూ, దాన్ని కొంచెం కిందకు దించాలి. కుంచెలో నీరు తగ్గితే పూస తెగి అక్కడ చార మిగులుతుంది. ఎక్కువైతే రంగు కిందకు జారిపోతుంది. మధ్యలో ఆగిపోతే పై భాగం ఆరి అంచు కడుతుంది. పూత పూర్తయ్యాక కాగితం మీది మెరుపు మందగిస్తున్న సమయంలో ఒక్క నీటి చుక్క పడినా, అది రంగును పక్కకు నెట్టి, కాలీఫ్లవర్ అని చిత్రకారులు పిలిచే వంకరటింకర మరకగా మారుతుంది. చేయి చేసిన ప్రతి పనికీ కాగితం అప్పటికప్పుడే జవాబు చెబుతుంది కాబట్టి, మనసు నిన్నటి గొడవకో రేపటి పనికో పోవడానికి సందు దొరకదు. కళ్లు మూసుకుని కూర్చుంటే ఎంతకీ నిలవని దృష్టి ఆ పూస మీద దానంతట అదే నిలబడటం నాకు ఇప్పటికీ సంతోషం కలిగించే విషయం.

కష్టం నేర్పుకు సరితూగాలన్న దగ్గర మాత్రం పెట్టె కొంత అడ్డుపడుతుంది. 12 రంగులూ ఎదురుగా ఉంటే, కొత్తవారి సమయం చాలావరకు ఏది వాడాలన్న సందేహంలోనే గడిచిపోతుంది. అందువల్ల మొదట అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా రెండింటికే పరిమితం కావడం మంచిది. ఆ నీలం, ఈ ఎర్రమట్టి రంగు ఒకదాని ఘాటును ఇంకొకటి తగ్గించుకుంటాయి. పాళ్లు మారుస్తూ పోతే చల్లని బూడిద రంగు నుంచి వెచ్చని గోధుమ రంగు వరకు, చిక్కగా కలిపితే దాదాపు నలుపు వరకు అన్నీ ఆ రెండింటిలోనే దొరుకుతాయి. అల్ట్రామెరైన్ రేణువులు గరుకు కాగితం గుంటల్లో దిగబడి, తేలిక పూతకు కూడా ఒక నూగు వంటి అందాన్ని తెస్తాయి. చేయి కుదురుకున్నాక మూడో రంగు తీసుకోవచ్చు. విసుగు పుట్టినప్పుడు ఒక రంగు పెంచడం, బెరుకు పుట్టినప్పుడు ఒకటి తగ్గించడం అన్న ఈ చిన్న సర్దుబాటే, అటు విసుగూ ఇటు ఆందోళనా కాని ఆ మధ్య దారిలో మనల్ని నిలుపుతుంది.

కిట్‌లో అన్నిటికన్నా బలహీనమైన వస్తువు అభ్యాస పుస్తకం. అందులో పూల గీతలు, పక్షుల గీతలు ముందే ముద్రించి ఉంటాయి, మనం రంగు నింపితే చాలు. చేయి అలవాటు పడటానికి మొదట్లో కొన్ని పేజీలు పనికొస్తాయి కానీ, ఏం వేయాలి, ఎక్కడి నుంచి చూడాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలన్నీ ఇంకెవరో తీసేసుకున్నారు. జేకబ్ గెట్జెల్స్, చిక్సెంట్‌మిహాయి కలిసి షికాగోలో కళావిద్యార్థులపై చేసి 1976లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ గుర్తుచేయదగినది. ఎదురుగా ఉన్న వస్తువుల్లోంచి నచ్చినవి ఎంచుకుని బొమ్మ వేయమన్నప్పుడు, గీయడం మొదలుపెట్టేముందు ఎక్కువ వస్తువులను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసినవారి బొమ్మలనే నిపుణులు ఎక్కువ కొత్తదనం ఉన్నవిగా గుర్తించారు. ఆ వెతుకులాటనే అభ్యాస పుస్తకం మనకు లేకుండా చేస్తుంది. ఇంట్లో ఉన్న ఇన్ని వస్తువుల్లో ఏది నా చూపును ఆపింది, ఎందుకు ఆపింది అన్న ప్రశ్నతోనే ఆత్మపరిశీలన మొదలవుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక రెండో వాగ్దానం. బొమ్మలో పూర్తిగా లీనమైనప్పుడు ‘నేను’ అన్న స్పృహ దాదాపు మాయమవుతుంది. బాగా వేస్తున్నానా, చూసినవారు ఏమనుకుంటారు అని లోపల నిరంతరం సాగే విచారణ ఆగిపోతుంది. చార్లెస్ లింబ్, అలెన్ బ్రౌన్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, జాజ్ పియానో కళాకారులు ఎంఆర్ఐ స్కానర్‌లో ఉండి ఆశువుగా వాయించినప్పుడు, తన పనిని తానే గమనించి అదుపుచేసుకోవడానికి తోడ్పడే మెదడు ముందుభాగపు పార్శ్వ ప్రాంతాల్లో చురుకుదనం తగ్గింది. ఆ పరీక్షలో పాల్గొన్నవారు ఆరుగురే, పైగా వారి కళ సంగీతం. కాబట్టి దాన్ని నీటిరంగులకు నేరుగా అన్వయించడం తొందరపాటు అవుతుంది. అయినా కుంచె పట్టినవారి అనుభవం కూడా అటువైపే చూపుతుంది. తనను గమనించుకునే మనసు విశ్రాంతి తీసుకుంటున్న వేళ, తన గురించి కొత్త సంగతి తెలుసుకోవడం ఎలా సాధ్యం? ఆ ఎరుక తర్వాత రావాలి, రావడానికి ఏదో ఒక సాక్ష్యం మిగిలి ఉండాలి. చిక్సెంట్‌మిహాయి చూసిన చిత్రకారుల మాదిరిగా పూర్తయిన బొమ్మను పక్కన పడేసే స్వభావం మనలోనూ ఉంటుంది కనుక, ఆ సాక్ష్యాన్ని పారేయనివ్వని వస్తువు కావాలి. కుట్టు స్కెచ్‌బుక్ విలువ నాకు కనిపించింది ఇక్కడే.

విడి కాగితాల మీద వేసినప్పుడు బాగా రానిదాన్ని చించేస్తాం, బాగా వచ్చినదాన్ని దాచుకుంటాం. చివరకు మనకు నచ్చిన మనమే మిగులుతాం. కుట్టిన పుస్తకంలో ఒక ఆకు చించితే దాని జంట ఆకు కూడా వదులవుతుంది, అందువల్ల చెడిన పేజీ కూడా తన వరుసలో తాను ఉండిపోతుంది. నా కిట్‌లోని పుస్తకంలో కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ పద్ధతిలో చేసినది కావడంతో ఉపరితలం కొద్దిగా గరుకుగా ఉంటుంది. తడిని చాలాసేపు పట్టి ఉంచే ఈ కాగితం చేతికి ఆలోచించే వ్యవధి ఇస్తుంది. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం త్వరగా ఆరిపోతుంది, రెండు మూడుసార్లు రుద్దితే పైపొర లేస్తుంది కూడా. అందుకే ఒక కిట్‌లో తయారీదారు దేనిమీద శ్రద్ధ పెట్టారో తెలుసుకోవడానికి నేను ముందు కాగితాన్నే చూస్తాను. ఈ పుస్తకంలో లోపం లేకపోలేదు. నడిమి మడత దగ్గర పూర్తిగా పరుచుకోదు, రెండు పేజీల మీదుగా వాష్ వేస్తే రంగునీరు ఆ మడతలో చేరి నిలిచిపోతుంది.

కొంతకాలం గడిచాక మొదటి పేజీ నుంచి వరుసగా తిరగేసినప్పుడు నాకు ప్రధానంగా కనిపించింది ఛాయల తీరు. ఏ బొమ్మ చూసినా చిక్కని చీకటి లేదు, అన్నీ మధ్యస్థంగానే ఉన్నాయి. కిటికీ పక్కన పెట్టిన గాజు గ్లాసు బొమ్మలో, గ్లాసు అడుగున నీడ ఎంత గాఢంగా ఉందో పక్కనే పెన్సిల్‌తో గుర్తు వేసి ఉంది. రంగు మాత్రం దానికి సగం దూరంలో ఆగిపోయింది. అలాంటి పేజీలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోతుంటే, ఎవరితోనైనా గట్టిగా చెప్పవలసిన మాట వచ్చేసరికి గొంతు తగ్గించే నా స్వభావం గుర్తుకు వచ్చింది. ఈ పోలిక బొమ్మ వేస్తున్నప్పుడు ఎన్నడూ తట్టలేదు, పేజీలు వరుసలో ఉండటం వల్లే తెలిసింది. అప్పటి నుంచి ప్రతి బొమ్మలోనూ అన్నిటికన్నా గాఢమైన ఛాయను చిన్న మచ్చగానైనా తొలిదశలోనే వేస్తున్నాను; మిగతా ఛాయలకు అదే కొలతగా నిలుస్తోంది.

ఈ పరిశీలనకు పేజీ మూలన ఒక్క వాక్యం రాసుకోవడం ఎంతో సాయపడుతుంది. కుంచె కింద పెట్టగానే, గడియారం చూడకుండా ఎంతసేపు గడిచిందో ఊహించి రాయాలి, ఆ తర్వాత అసలు సమయాన్ని దాని పక్కన వేయాలి. ఊహించినది అసలు సమయం కన్నా బాగా తక్కువగా ఉన్న పేజీలే సాధారణంగా నేను లీనమై వేసినవి. అవి అందంగా వచ్చిన పేజీలే కానక్కరలేదని తేలడం నాకు పెద్ద ఊరట, ఎందుకంటే బొమ్మ బాగుండాలన్న తాపత్రయం అంతటితో కొంత సడలింది.

బ్రిటిష్ మనోవిశ్లేషకురాలు మేరియన్ మిల్నర్, ముందుగా ఏమీ అనుకోకుండా గీసిన తన బొమ్మలను తర్వాత తీరిగ్గా పరిశీలించి, ఆ అనుభవాన్ని 1950లో గ్రంథంగా ప్రచురించారు. ఆమె ఆ గీతల వెనుక దాగిన భావాలను వెతికారు. మనలాంటి మామూలు అభ్యాసకులు అంత లోతుకు దిగేముందు చేతి నడవడికను చదవడం మేలని నా అభిప్రాయం: తొందరపాటు, బెరుకు, ఒకే చోటును పదేపదే దిద్దడం, చాలు అనుకుని ఆగలేకపోవడం వంటివి పేజీ మీద నేరుగా కనిపిస్తాయి. నీలం వాడితే దుఃఖమనీ ఎరుపు వాడితే కోపమనీ కొన్ని కిట్లతో వచ్చే కరపత్రాలు చెప్పే అర్థాలను మాత్రం నేను సమర్థించలేను. ఆకాశం నీలంగా ఉంది కాబట్టి నీలం వేసి ఉండవచ్చు.

ఒత్తిడి తగ్గుతుందన్న మాటకు కొంత ఆధారం ఉంది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలతో 45 నిమిషాల పాటు కళాకృతులు చేయించి, 2016లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 75 శాతం మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోన్ స్థాయి తగ్గింది, అంతకుముందు కళతో పరిచయం లేనివారికీ ఆ మేలు కలిగింది. అయితే ఆ పరిశోధనలో పోల్చి చూడటానికి మరో బృందం లేదు కనుక, తగ్గినదంతా కళ వల్లనే అని తేల్చలేం. తీవ్రమైన మానసిక బాధలో ఉన్నవారు ఈ పెట్టెను చికిత్సకు బదులుగా భావించకూడదు; ఆర్ట్ థెరపీ అనేది శిక్షణ పొందిన నిపుణుల పర్యవేక్షణలో జరిగే వేరే ప్రక్రియ.

మిగిలింది వాటర్ బ్రష్. ప్రయాణంలో సౌకర్యమే కానీ, పిడిని ఎంత గట్టిగా నొక్కామన్నదాన్ని బట్టి నీరు వస్తుంది కాబట్టి వాష్‌కు అవసరమైన నిలకడ దానితో కష్టం. 8వ నంబరు గుండ్రని కుంచె ఒకటి, నీళ్ల గ్లాసు ఒకటి ఉంటే దాని అవసరమే ఉండదు. వీలైతే కిట్ మొత్తం కొనడం మాని, రంగుల పెట్టె, స్కెచ్‌బుక్, కుంచె విడివిడిగా తీసుకోండి. ఖర్చు తగ్గించవలసి వస్తే రంగుల సంఖ్యలో తగ్గించండి, కాగితం నాణ్యతలో తగ్గించకండి. వేసిన బొమ్మలను నలుగురికి చూపించడమే ముఖ్యమనుకునేవారికి విడి కాగితాలే అనువుగా ఉంటాయి. స్కెచ్‌బుక్ ఎంచుకున్నవారు మాత్రం ఒకటి నిండాక రెండోదాన్ని కూడా అదే కొలతలో, అదే కాగితంతో కొనాలి, ఎందుకంటే కాగితం మారితే రంగు ప్రవర్తన మారిపోతుంది, అప్పుడు రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టినా మారింది చేయో కాగితమో చెప్పడం కష్టమవుతుంది.