38 ఏళ్లకి ఎస్‌ఎస్‌బీ కోచింగ్: గ్రౌండ్‌కి నాలుగు స్టార్లు, మిగతాదానికి రెండు

బాలానగర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తుంటాను. టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసర్‌గా చేరడానికి 42 ఏళ్ల దాకా అవకాశం ఉంది. డిగ్రీ ఉండాలి, సొంత సంపాదన ఉండాలి. రెండూ ఉన్నాయి కదా అని సికింద్రాబాద్‌లో ఒక ఎస్‌ఎస్‌బీ (సైన్యానికి ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు) కోచింగ్ సెంటర్‌లో వీకెండ్ బ్యాచ్‌కి 18,000 కట్టాను. ఆరు వారాలు. సెంటర్ పేరు రాయను, ఆదివారాలు ఇంకా వాళ్ల గ్రౌండ్‌కే పోతున్నాను మరి.

కౌంటర్‌లో అమ్మాయి ఫారం తీస్తూ "అడ్మిషన్ ఎవరికి సార్, తమ్ముడికా?" అని అడిగింది. నాకే అన్నాను. పాతికేళ్లు దాటితే సీడీఎస్‌కి కుదరదండీ అంది, అంటే కుర్రాళ్లు ఆర్మీ ఆఫీసర్లవడానికి రాసే పరీక్షకి. టెరిటోరియల్ ఆర్మీ, అంటే టీఏ అనేది వేరే ఉందని, ఉద్యోగం చేసుకుంటూనే ఏడాదికి రెండు నెలల క్యాంపుకి వెళ్లాలని నేనే ఆవిడకి చెప్పాల్సి వచ్చింది. ఆ రెండు నెలల సెలవుకి మా ఆఫీసు ఒప్పుకుంటుందా అని అక్కడ ఒక్కరూ అడగలేదు. ఇంట్లో మా ఆవిడ మాత్రం మొదటి రోజే అడిగింది.

గ్రౌండ్ విషయం వేరు. ఎస్‌ఎస్‌బీలో ఒక్కరే చేయాల్సిన ఆబ్‌స్టకిల్స్ పది ఉంటాయి, టైమ్ మూడు నిమిషాలు. ఇక్కడ పదీ కట్టి ఉంచారు. నేర్పేది రిటైర్డ్ సుబేదార్, తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం ఆయనది. మొదటి రెండు వారాలు నన్ను ఏదీ ఎక్కనివ్వలేదు. "ఎక్కడం మీకొచ్చు సార్, దిగడం రాదు" అన్నారు. మోకాలెత్తు గోడ మీంచి దూకడం, రెండు పాదాలూ ఒకేసారి ఆనాలి, మోకాళ్లు వంగాలి, చప్పుడు రాకూడదు. ఆయన వెనక్కి తిరిగి నిలబడి చెవితోనే వినేవారు. ధబ్ మంటే "మళ్లీ". కుర్రాళ్లు తాడు పట్టుకుని ఊగుతుంటే నేను గోడ దగ్గర దూకుతూ ఉండేవాణ్ని. నవ్వారు, నవ్వనీ. మూడో వారానికి నన్ను అంకుల్ అనడం మానేసి అన్నా అన్నారు.

నాలుగో వారం సుబేదార్ గారు సెలవు పెట్టారు. ఆయన బదులు వచ్చిన కుర్ర ఇన్‌స్ట్రక్టర్ వార్మప్ లేకుండా అందర్నీ డబుల్ ప్లాట్‌ఫామ్ అనే ఆబ్‌స్టకిల్ మీదకి ఎక్కించాడు. నా ఎడమ పిక్క పట్టేసింది, పన్నెండు రోజులు కుంటుతూ నడిచాను. సెంటర్ ఆఫీసులో చెబితే "ఏజ్ ఫ్యాక్టర్ సార్" అన్నారు. ఆ ఏజ్ ఫారంలో రాసే ఇచ్చాను కదా బాబూ!

సైకాలజీ క్లాసు డబ్బు దండగ. ఎస్‌ఎస్‌బీలో బొమ్మలు చూసి పన్నెండు కథలు రాయాలి, ఆఖరిది ఖాళీ కార్డు. బొమ్మ అరనిమిషం చూపిస్తారు, రాయడానికి నాలుగు నిమిషాలు. వీళ్లిచ్చిన జిరాక్స్ పుస్తకంలో హీరో ఎప్పుడూ ఎన్‌సీసీ కుర్రాడే, ఊళ్లో ఎప్పుడూ వరదే. నేను నష్టాల్లో ఉన్న షాపు లెక్కలు సరిచేసే మనిషి కథ రాస్తే మేడం ఎర్ర పెన్నుతో "హీరో వయసు తగ్గించండి" అని రాశారు.

అదే సెంటర్‌లో మాక్ ఇంటర్వ్యూ చేసే రిటైర్డ్ కల్నల్ సరిగ్గా దానికి వ్యతిరేకం. ఉద్యోగంలో మీ అంతట మీరు తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పమన్నారు. 2017 జులై 1న జీఎస్టీ మొదలైనప్పుడు ముందురోజు రాత్రి ఇద్దరు కుర్రాళ్లని కూర్చోబెట్టుకుని బిల్లింగ్ మొత్తం మార్చిన సంగతి చెప్పాను. "ఇది కథల్లో ఎందుకు రాయలేదు?" అన్నారు. ఎర్ర పెన్ను కాగితం చూపించాను. చూసి మడిచి జేబులో పెట్టుకున్నారు, మేడంతో ఏమన్నారో తెలీదు. గ్రూప్ డిస్కషన్‌లో నేను మాట్లాడితే కుర్రాళ్లు పెద్దాయన తీర్పు చెప్పాడన్నట్టు ఆగిపోతున్నారని కనిపెట్టింది కూడా ఆయనే. ముందు పక్కవాడి మాట అందుకోండి, మీ మాట తర్వాత అన్నారు. ఆ గంటన్నర లేకపోతే రెండు స్టార్లు కూడా ఇచ్చేవాణ్ని కాదు.

రాతపరీక్షకి వీళ్లిచ్చే లెక్కలు, రీజనింగ్ మెటీరియల్ బయట షాపుల్లో దొరికేదే.

టీఏ కోసమైతే పూర్తి ప్యాకేజీ తీసుకోకండి. గ్రౌండ్‌కి విడిగా నెలకి 2,500, అడిగితేనే చెబుతారు. ఇంటర్వ్యూకి కూడా విడిగా కడితే సరిపోతుంది. బయల్దేరే ముందు మాత్రం సుబేదార్ గారు వచ్చారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.