‘లైవ్ అరగొనైట్’ అని తీరపు ఇసుక అమ్మారు: ఉప్పునీటి ట్యాంకు పెట్టుకునేవారు జాగ్రత్తపడండి

“సముద్రపు ఇసుక అడిగారు, సముద్రపు ఇసుకే ఇచ్చాను. చేపలను చూసుకోవడం మీకు చేతకాకపోతే నా ఇసుకను అంటారేమిటి?” నిన్న సాయంత్రం నాకు అక్వేరియం ఇసుక అమ్మిన దుకాణదారు నలుగురు కొనుగోలుదారుల ముందు నాతో అన్న మాట ఇది. రాత్రంతా ఆ మాటే చెవుల్లో మోగింది. హైదరాబాదులో ఉప్పునీటి ట్యాంకు ఉన్నవారికి ఆ దుకాణం ఏదో చెప్పనవసరం లేదు. మనలో చాలామందిమి ఉప్పు, పంపులు, చేపలు అక్కడే కొంటున్నాము.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. మూడేళ్లుగా చిన్న ట్యాంకులో ఉన్న చేపలను నాలుగడుగుల కొత్త ట్యాంకుకు మార్చాలనుకున్నాను. 120 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అడుగున 5 సెంటీమీటర్ల మందాన ఇసుక పరచాలంటే సుమారు 45 కిలోలు కావాలి. కంపెనీ ప్యాకెట్లు లేవనీ, విదేశాల నుంచి పెద్ద బస్తాల్లో వచ్చిన లైవ్ అరగొనైట్‌ను (మేలు చేసే బ్యాక్టీరియా బతికి ఉన్న తెల్లని సున్నపు ఇసుకను) తానే చిన్న సంచుల్లో నింపి ఇస్తున్నాననీ చెప్పి, కిలోకు 220 రూపాయల చొప్పున 9,900 తీసుకున్నాడు. సంచుల మీద పేరు లేదు, తేదీ లేదు. తెరిచినప్పుడు ఉప్పుటేరు బురద వాసన వచ్చింది. ఫోన్ చేసి అడిగితే, “అది బ్యాక్టీరియా వాసన సార్, కడిగితే ఆ బ్యాక్టీరియా పోతుంది, కడగవద్దు” అన్నాడు. నిజమైన లైవ్ శాండ్‌ను (బ్యాక్టీరియా బతికి ఉన్న ఇసుకను) కడగకూడదన్న మాట సరైనదే కాబట్టి నమ్మాను. అందులో బ్యాక్టీరియా ఉంది కనుక సైకిల్ కోసం (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో పెరిగేదాకా) ఆగనవసరం లేదని కూడా అతడు అన్నాడు. ఆ సాయంత్రమే చేపలను దించాను. ఈ విషయంలో నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. రెండు రోజులు ఆగి, ఒక్కసారి అమ్మోనియా పరీక్ష చేసి ఉంటే సరిపోయేది.

మూడోరోజు ఉదయానికి అమ్మోనియా టెస్ట్ కిట్ పసుపు రంగు చూపాల్సిన చోట ముదురు ఆకుపచ్చ చూపింది: 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు). మంచినీటి ట్యాంకుల కన్నా ఉప్పునీటిలో పీహెచ్ ఎక్కువ, 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ అమ్మోనియాలో విషపూరితమైన భాగం కూడా ఎక్కువే. ఆ రోజూ మరుసటి రోజూ కలిపి బకెట్లతో మూడుసార్లు నీళ్లు మార్చాను. అయినా క్లౌన్ ఫిష్ జంట దక్కలేదు. పాత ట్యాంకులో రెండుసార్లు టైల్ మీద గుడ్లు పెట్టిన జంట అది. గుడ్లు పొదిగినన్ని రోజులూ మగచేప వాటిని రెక్కలతో విసురుతూ కాపలా కాసేది. ఆ తరువాత ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల గుండా వదిలే డైమండ్ గోబీ చేప కూడా చనిపోయింది.

వారం తిరిగేసరికి అద్దం వెంబడి ఇసుక అడుగున నల్లని చారలు కనిపించాయి, గరిటెతో కదిపితే కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది. ఆక్సిజన్ అందని పొరలో సేంద్రియ పదార్థం కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిందన్నమాట. అద్దం తుడిచే అయస్కాంతానికి నల్లని రేణువులు అతుక్కుని, కొత్త అద్దం మీద గీతలు కూడా పడ్డాయి. ఆ రేణువులు చూశాకే నాకు స్పష్టమైంది. భీమిలి నుంచి శ్రీకాకుళం వరకు మన తీరపు ఇసుకలో ఇల్మెనైట్ వంటి నల్లని ఖనిజాలు ఉంటాయని చిన్నప్పుడు సెలవుల్లో తీరానికి వెళ్లిన ఎవరికైనా తెలుసు. సముద్రజీవుల సున్నపు అవశేషాలతో, తెల్లని కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడే అరగొనైట్ ఇసుకలో అవి ఎందుకు ఉంటాయి?

అనుమానంతో ఒక చెంచా ఇసుక గాజు గ్లాసులో వేసి తెల్ల వెనిగర్ పోశాను. అరగొనైట్ అయితే బుడగలు కక్కుతూ కరగాలి. నా గ్లాసులో అక్కడక్కడా గుల్లల ముక్కల దగ్గర నాలుగు బుడగలు లేచి ఆగిపోయాయి. అది చూసి మోసపోవచ్చు కాబట్టి మరొక మాట: చెంచాడు ఇసుక పూర్తిగా కరగడానికి మామూలు వెనిగర్ ఒక గ్లాసు పడుతుంది, కొద్దిగా పోసి చూస్తే చాలదు. నేను రాత్రంతా ఉంచి, వెనిగర్ మార్చి మళ్లీ చూశాను. మిగిలినదంతా మెరిసే క్వార్ట్జ్ (మామూలు ఇసుకలో ఉండే ఖనిజం).

క్వార్ట్జ్ విషం కాదు. అరగొనైట్ ఒక్కటే కేహెచ్‌ను (పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి క్షారత్వాన్ని) నిలబెడుతుందని నేను అనను, పీహెచ్ 8.2 ఉన్న నీటిలో అది దాదాపు కరగదు, ఇసుక లోపలి పొరల్లో పీహెచ్ తగ్గిన చోట మాత్రమే కొంత కరుగుతుంది. నా చేపలను చంపినది రాయి కాదు, కుళ్లుతున్న తీరపు మట్టిని కడగవద్దని చెప్పి లైవ్ శాండ్‌గా అమ్మిన అబద్ధం.

గ్లాసూ, మిగిలిన సంచీ తీసుకుని నిన్న దుకాణానికి వెళ్లాను. గొంతు పెంచలేదు, నల్లని రేణువులను అయస్కాంతంతో ఎత్తి చూపించి, డబ్బు వెనక్కి ఇమ్మని అడిగాను. అతడు గ్లాసు వైపు చూడనే లేదు. బిల్లు ఏదని అడిగాడు. బిల్లు ఇవ్వనిది అతడే. ఆ తరువాతే పైన రాసిన మాట అన్నాడు, పక్కనున్న కుర్రాడు నవ్వాడు. వెళుతుండగా వెనక్కి పిలిచి, డబ్బుకు బదులు రామేశ్వరం వైపు నుంచి తెచ్చిన పొడి పగడపు ముక్కలు పది కిలోలు తీసుకొమ్మన్నాడు. మన్నార్ సింధుశాఖ పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని అమ్మడం నేరం. నాకు చేసిన అన్యాయాన్ని మరో నేరంతో సరిపెట్టబోయాడు. తీసుకోకుండా వచ్చేశాను.

అక్కడ ఇసుక కొనబోయేవారు ముందుగా సంచి తెరిచి వాసన చూడండి, అయస్కాంతం తిప్పండి, ఒక చెంచా వెనిగర్‌లో వేయండి. పొడి ఇసుకనైతే నీళ్లు తేటపడేదాకా కడగండి. బిల్లు మీద ‘అరగొనైట్’ అని రాయించుకోండి. పరిచేటప్పుడు కూడా ముందు ట్యాంకులో పెట్టే రాళ్లను నేరుగా అడుగు అద్దం మీదో ప్లాస్టిక్ జాలీ మీదో నిలబెట్టి, ఆ తరువాత వాటి చుట్టూ ఇసుక పోయండి. అతడు నాతో ఇసుక ముందు, రాయి తరువాత అని చెప్పాడు. నా ట్యాంకులోని పిస్టల్ రొయ్య ఇసుకలో గుంత తవ్వడంతో పెద్ద రాయి ఒరిగింది, అదృష్టవశాత్తు అద్దానికి తగలలేదు. రేణువులు 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే వేవ్ మేకర్ (నీటిని కదిలించే పంపు) ఊదినా ఎగరవు.

ఈ రోజు ఉదయం నుంచి ఇసుకంతా పైపుతో లాగేస్తున్నాను. మిగిలిన రొయ్యా, దానితో ఒకే గుంతలో ఉండే మరో గోబీ చేపా పాత ట్యాంకులో, ఒక పీవీసీ గొట్టంలో దాక్కుని ఉన్నాయి. సంచీ, గ్లాసు, నల్లని రేణువులు అలాగే దాచి ఉంచాను. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయబోతున్నాను. అదే సంచుల్లో ఇసుక కొన్నవారు ఇంకెవరైనా ఉంటే, దాన్ని పారేయకుండా ఒక డబ్బాలో కొంత దాచండి.