1,300 కిలోమీటర్లు, ఒక చిటికెన వేలు

నాలుగు రోజుల బైకు ప్రయాణంలో మొదటిరోజు సాయంత్రం లాడ్జి ముందు బండి ఆపి, వెనక బ్యాగుకు కట్టిన తాడు ముడి విప్పబోతే వేళ్లు మాట వినలేదు. కుడిచేతి చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు కంటికి కనిపిస్తున్నాయి గానీ అవి నావే అన్న ఆచూకీ లేదు. ముడి మీద గోరు ఆనిందో లేదో తెలియక రెండుసార్లు జారింది. చివరికి మా బావ వచ్చి విప్పాడు. "అప్పుడే ముసలాడివైపోయావేంట్రా" అని ఒక మాట కూడా అన్నాడు.

ఆయనది రెండు సిలిండర్ల బండి. నాది ఒకే సిలిండరు, అదీ ఇంజను వణుకును తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ లేని పాత మోడల్. వైబ్రేషన్ ఉంటుందని తెలుసు కాబట్టి బయల్దేరే ముందే మూడు కొన్నాను: అరచేతిలో జెల్ ఉన్న గ్లవ్స్, గ్రిప్పుల మీద తొడిగే ఫోమ్, హ్యాండిల్ చివర్లలో బిగించే స్టీలు బరువులు. మూడూ పెట్టుకుని 420 కిలోమీటర్లు వచ్చాక నా పరిస్థితి ఇది.

మొదటిరోజు రోడ్డు గురించి చెప్పాలి. నున్నగా, తిన్నగా, ఖాళీగా ఉన్న హైవే. ఎవరైనా అలాంటి రోడ్డే కోరుకుంటారు. చేతులకు మాత్రం నాలుగు రోజుల్లోనూ అదే అన్నిటికంటే చెడ్డ రోడ్డు. గంటకు 95 మీద పెడితే నా ఇంజను 6,500 ఆర్‌పీఎం దగ్గర (నిమిషానికి 6,500 చుట్లు) తిరుగుతుంది. అంటే సెకనుకు 108 సార్లు పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది. గేరు మార్చే పని లేదు, బ్రేకు వేసే పని లేదు, చెయ్యి కదిపే అవసరమే రాదు. అదే వణుకు, అదే చోట, గంటల తరబడి. అద్దంలో వెనక వచ్చే లారీ ముద్దలా, అలికేసినట్టు కనిపిస్తోంది. అద్దంలో బొమ్మ చెదిరిందంటే హ్యాండిల్ కూడా అలాగే వణుకుతోందని లెక్క. ఇంతకంటే చవకైన మీటరు ఉండదు. ఆ రోజు దాన్ని చూస్తూ కూడా పట్టించుకోలేదు.

లాడ్జి హైవే పక్కనే. రాత్రంతా లారీల మోత, పరుపు నడుమ గుంత. అయినా రెండు విషయాల్లో దానికి మంచి మార్కులు వేస్తాను. బండి సరిగ్గా కిటికీ కిందే పెట్టుకోవచ్చు, పొద్దున్నే పనిముట్లు తీసి అక్కడే కూర్చోవచ్చు. కుళాయి తిప్పగానే వేడినీళ్లు వచ్చాయి. గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెడితే చీమలు పాకినట్టు మొదలై, పావుగంటకు వేళ్లు తిరిగి నావయ్యాయి.

ఏ వేళ్లు మొద్దుబారాయో చూసుకుంటే సగం కారణం దొరుకుతుంది. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ వెళ్లే అల్నార్ నరం మణికట్టు దగ్గర, అరచేతి మడమ లోంచి, చిటికెన వేలి వైపుగా పోతుంది. ఒంటి బరువంతా అక్కడ ఆనిస్తే అది నలుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే అది మీడియన్ నరం. మణికట్టును గంటల తరబడి వంచి పట్టుకునేవాళ్లకు అది వస్తుంది. నాది మొదటి రకం. అప్పుడు గ్లవ్స్ తీసి చూస్తే, జెల్ దిండు సరిగ్గా ఆ నరం పోయే చోటే ఉబ్బెత్తుగా ఉంది! రక్షణ కోసం కొన్నదే నొక్కుతోంది. పైగా మందం ఎక్కువైన కొద్దీ గ్రిప్పు చేతికి సరిగ్గా తెలియక ఇంకా గట్టిగా పట్టుకుంటాం. జెల్ పనిచేసేది ఎక్కువగా సన్నటి, వేగమైన వణుకు మీద. 100 హెర్ట్జ్ (సెకనుకు 100 సార్లు) దగ్గర దాని వల్ల పెద్ద తేడా ఉండదు. రెండో రోజు నుంచి పాత పల్చటి తోలు గ్లవ్సే వేసుకున్నాను. మణికట్టు పట్టీ కూడా ఒక గడి వదులు చేశాను.

రెండో రోజు ఇద్దరు మెకానిక్‌లు. మొదటిది కూడలిలో అద్దాల తలుపులున్న షాపు. కుర్చీ వేశారు, మర్యాదగా మాట్లాడారు, హ్యాండిల్ మొత్తం మార్చేయమన్నారు. ఇంజను బోల్టులు ఒకసారి చూడండి అంటే అది సర్వీసు బుక్ చేస్తేనే అన్నారు. రెండోది ఊరి చివర రేకుల షెడ్డు. ఆయన ఏమీ అడక్కుండా బండి స్టార్ట్ చేసి రేజ్ ఇమ్మన్నాడు. తను ట్యాంకు మీద అరచెయ్యి పెట్టాడు, తర్వాత ఫ్రేము మీద, తర్వాత ఇంజను తలను ఫ్రేముకు పట్టి ఉంచే పట్టీ మీద రెండు వేళ్లు ఆనించాడు. అక్కడ ఆగాడు. ఇంజను ఆపి స్పానర్ వేస్తే బోల్టు ముప్పావు చుట్టు తిరిగింది. "హ్యాండిల్‌కి మందు రాస్తున్నారు సార్, జ్వరం ఇంజన్‌ది" అన్నాడు. చైను కూడా ఒక చోట బిగుతు, ఒక చోట వదులు, పైగా ఎండిపోయి ఉంది. నూనె పెట్టి సర్దాడు. హ్యాండిల్ క్లాంపు బోల్టులు నాలుగూ చూశాడు. ఇరవై నిమిషాల పని. నాలుగు రోజుల్లో నాకు దొరికిన సేవల్లో మొదటి స్థానం దీనిదే, రెండో స్థానం చాలా దూరంలో ఉంది.

బార్ చివరి బరువుల సంగతి కూడా ఆ షెడ్డులోనే తేలింది. హ్యాండిల్ ఒక గొట్టం. దానికంటూ ఒక సహజ కంపన వేగం ఉంటుంది. ఇంజను వణుకు సరిగ్గా ఆ వేగానికి కలిసినప్పుడు గొట్టం రెచ్చిపోతుంది. చివర బరువు తగిలిస్తే ఆ కలిసే చోటు కిందికి దిగుతుంది. సాధారణంగా వణుకు జోరు కూడా కొంత తగ్గుతుంది. చాలామందికి అది మేలే. నాకు అంతకుముందు అద్దం బాగా చెదిరేది 7,000 దాటాక, అక్కడికి నేను ఎలాగూ వెళ్లను. బరువులు వేశాక అది సరిగ్గా నేను గంటల తరబడి నడిపే 6,500 దగ్గరికి వచ్చి కూర్చుంది. తీసేసి పది కిలోమీటర్లు నడిపాను, అద్దంలో బొమ్మ కుదుటపడింది. కాబట్టి బరువులు కొనేవాళ్లు ముందు తమ బండి ఏ ఆర్‌పీఎం దగ్గర వణుకుతుందో రాసుకుని, తగిలించాక మళ్లీ చూసుకోవాలి.

తర్వాత ఘాట్ రోడ్డు. గుంతలు, మలుపులు, ఎక్కడా నలభై దాటలేదు. భుజాలు ఊడి వస్తాయేమో అనిపించింది గానీ వేళ్లకు తిమ్మిరి లేదు. క్లచ్, బ్రేకు, గేరు అంటూ చెయ్యి ఒక్క చోట ఉండదు, ఇంజను కూడా ఒకే వేగం మీద నిలవదు. పైకి వెళ్లాక మాత్రం చలి. చలికి వేళ్లలో రక్తం తగ్గుతుంది, వైబ్రేషన్ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే వేలి కొసలు తెల్లబడతాయి. రోడ్లు పగలగొట్టే బ్రేకర్లు, చెట్లు కోసే రంపపు మిషన్లు ఏళ్ల తరబడి వాడే కార్మికులకు ఇది జబ్బుగానే ముదురుతుంది. యూరోపియన్ యూనియన్ 2002లో చేసిన నియమం ప్రకారం, ఎనిమిది గంటల పనిదినానికి చేతికి తగిలే వైబ్రేషన్ తీవ్రత (త్వరణంగా కొలిస్తే) సెకను వర్గానికి 2.5 మీటర్లు చేరితే యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటకూడదు. సరదాకి బండి నడిపేవాడికి యజమాని ఎవరు, అది వేరే సంగతి.

కొండ మీద బస చూడముచ్చటగా ఉంది. కిటికీ తీస్తే లోయ. కానీ బండి కింద రోడ్డు మీదే వదిలి మెట్లెక్కాలి, వేడినీళ్లు పొద్దున ఒక గంట మాత్రమే. ఇంట్లోవాళ్లతో వస్తే ఇక్కడే దిగుతాను. రోజంతా బండి నడిపి వచ్చిన చేతులతో అయితే దిగను.

మూడో రోజు దిగువకు వచ్చాక బావా నేనూ బండ్లు మార్చుకున్నాం. ఆయన బండి హ్యాండిల్ దగ్గర సన్నటి జివ్వు తప్ప ఏమీ లేదు. అయినా నలభై నిమిషాలకు నా చిటికెన వేలు మళ్లీ మొద్దుబారింది. నా బండి మీద గంట కూర్చున్న ఆయనకు ఏమీ కాలేదు. అక్కడ నాకు కొంచెం సిగ్గేసింది.

"పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవోయ్, పీక పిసుకుతావేంటి!" అన్నాడు. చూస్తే ఆయన మోకాళ్లు ట్యాంకును పట్టి ఉన్నాయి, మోచేతులు వంగి ఉన్నాయి, హ్యాండిల్ మీద బరువే లేదు. నేను మోచేతులు కర్రల్లా చాపి, ఛాతీ బరువంతా అరచేతుల మీద వేస్తున్నాను. బండి పక్కకు ఆపి క్లచ్, బ్రేకు లివర్లను రెండు వేళ్ల మందం కిందికి తిప్పాం. లివర్ మీద వేళ్లు పెట్టినప్పుడు ముంజేయి, మణికట్టు ఒకే గీతలో ఉండాలి. ఫోమ్ తొడుగులు కూడా అక్కడే తీసేశాను. నా చేతులు చిన్నవి, ఆ లావుకు గుప్పిట మూయలేక కండరం పట్టేసేది. బావ చేతులు పెద్దవి కాబట్టి ఆయనకిచ్చాను, ఆయనకు బ్రహ్మాండంగా కుదిరాయి.

ఆయన గ్రిప్పుకు అరచేత్తో నొక్కే ప్లాస్టిక్ రేకు ఒకటి ఉంది. పిడికిలి బిగించకుండానే రేజ్ నిలబడుతుంది. హైవే మీద హాయి. ఊళ్లోకి రాగానే పక్కకు తిప్పేయాలి, లేకపోతే యూటర్న్‌లో చెయ్యి తగిలి బండి ముందుకు దూకుతుంది. నాకు దూకింది.

ఇంకో మాట. నేను ఫోన్ హ్యాండిల్ మీదే పెట్టుకునేవాణ్ని. బలమైన ఇంజన్ల బైకులకు నేరుగా బిగించొద్దనీ, ఆ వైబ్రేషన్‌కు కెమెరా దెబ్బతినవచ్చనీ ఆపిల్ సంస్థ 2021లోనే తన ఐఫోన్ల గురించి చెప్పింది. ఇప్పుడది జేబులో ఉంటోంది.

మూడో రాత్రి బస గురించి చెప్పడానికేమీ లేదు, శుభ్రంగా ఉంది, పడుకున్నాం.

నాలుగో రోజు మళ్లీ అదే హైవే. ఈసారి ఎనభై, అంటే 5,500 ఆర్‌పీఎం. యాభై నిమిషాలకోసారి ఆగి, దిగి, చేతులు విదిలించి, పిడికిలి పదిసార్లు మూసి తెరవడం. మొత్తం మీద గంటంపావు ఆలస్యమైంది. చిటికెన వేలు చివర్లో కొద్దిగా జివ్వుమంది, దిగిన పది నిమిషాలకు పోయింది. మర్నాటికీ స్పర్శ రాకపోయినా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, కొత్త గ్రిప్పుల కోసం కాదు.

ఇంకా తేలనిది ఒకటుంది. 5,800 నుంచి 6,200 మధ్య కుడి అద్దం ఇప్పటికీ చెదురుతోంది. ముందు స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) 14 పళ్లది తీసి 15 పళ్లది వేస్తే అదే వేగానికి ఆర్‌పీఎం దాదాపు 7 శాతం తగ్గుతుంది, ఎనభై మీద 5,100 చిల్లర అవుతుంది. ఎక్కుడులో మాత్రం లాగుడు తగ్గి ఒక గేరు కిందే నడపాల్సి వస్తుంది. బావ వద్దంటున్నాడు. ఘాట్ రోడ్డు మీద నా బండి నడిపేది ఆయన కాదు, అలాగని ఆయన మాట తీసిపారేయలేను కూడా. ఆ రేకుల షెడ్డాయనను అడగాలి.